వంగిన వెన్ను - శస్త్రవైద్యము నడచిన దారి

మథురానగర వీథిలో శ్రీకృష్ణుడు కుబ్జను నిటారుగా నిలిపిన ఘట్టము భాగవతము వినిన ప్రతి తెలుగు ఇంటికిని తెలిసినదే. ఆమె కాలివ్రేళ్ళను తన పాదములతో అదిమిపట్టి, గడ్డము క్రింద రెండు వ్రేళ్ళుంచి పైకెత్తగా, మూడు వంకరల దేహము క్షణములో సరియైనదని పురాణము చెప్పుచున్నది. క్రింద పట్టి పైకి లాగుట అను ఈ ఉపాయమునే లోకములోని వైద్యులందరును వేర్వేరు కాలములలో అవలంబించినారు. పురాణములో క్షణములో జరిగిన పని వైద్యులకు రెండువేల యేండ్లకు పైగా పట్టినది. అందులో కష్టమైన భాగము లాగుట నేర్చుట కాదు. లాగునపుడు పిల్లకు హాని కలుగకుండ చూచుకొనుట నేర్చుట. ఆ కథను ఈ ప్రసంగములో చెప్పదలచినాము.

వెన్నెముక ప్రక్కకు వంగి, వంగుటతోపాటు తన చుట్టు తాను మెలి తిరుగుట ఈ వ్యాధి లక్షణము. దీనిని వైద్యులు స్కోలియోసిస్ అందురు. క్రీస్తుశకము రెండవ శతాబ్దివాడైన గాలెన్ వాడిన గ్రీకు మాట ఇది. ముందుకు వంగు గూని వేరు, ఇది వేరు. పది మొదలు పదునెనిమిదేండ్ల వరకు గల ప్రాయములో, కారణము ఇదియని తేలకుండ వచ్చునదే ఇందులో అధికము. నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలలో పది డిగ్రీలకు మించిన వంపు కనిపించును. వారిలో శస్త్రచికిత్స కావలసినవారు బహు కొద్దిమంది. వంపు పెద్దదైన కొలది ఆడపిల్లల సంఖ్య హెచ్చుచుండును. నలుబదేండ్ల పాటు గమనించిన రోగుల వివరములను అమెరికాలోని అయోవా వైద్యులు 1983లో ప్రకటించినారు. ఎదుగుదల ముగిసిన పిమ్మట ముప్పది డిగ్రీల లోపు వంపులు చాలవరకు అక్కడనే ఆగినవి; యాభై దాటినవి మాత్రము పెరుగుచునే పోయినవి. అందుచేతనే యాభై డిగ్రీల దరిదాపున శస్త్రచికిత్స మాట వచ్చుచున్నది.

ఇక్కడనే ఒక ధర్మసందేహము కలదు. ఈ పిల్ల బడికి పోవుచున్నది, ఆడుకొనుచున్నది, శస్త్రశాలకు తన కాళ్ళతో తాను నడచి వచ్చుచున్నది. పని తప్పినచో తిరిగి నడవలేకపోవచ్చును. ప్రాణము మీదికి వచ్చిన రోగికొరకు చేయు సాహసము వేరు, నడుచుచున్న పిల్ల విషయములో చేయు సాహసము వేరు. ఈ చికిత్స చరిత్ర అంతయు ఈ ఒక్క సందేహము చుట్టునే తిరిగినదని మా అభిప్రాయము.

క్రీస్తుకు పూర్వము నాలుగైదు శతాబ్దుల నాటి గ్రీకు వైద్యుడు హిపొక్రటీస్ పేర వెలసిన గ్రంథములలో రెండు పద్ధతులు కనిపించును. ఒకటి, రోగిని నిచ్చెనకు కట్టి, ఆ నిచ్చెనను ఎత్తునుండి జారవిడిచి కుదుపుట. రెండవది, బల్లపై పండబెట్టి రెండు కొసల లాగుచు, నడుమ ఉబ్బిన చోట నొక్కుట. మొదటి పద్ధతి గుంపును ఆశ్చర్యపరచుటకే గాని రోగికి పెద్దగా ఉపకరించదనియు, తాను దానికి సిగ్గుపడుదుననియు ఆ గ్రంథకర్తయే వ్రాసినాడు. చూచువారి మెప్పు వేరు, రోగికి కలిగిన మేలు వేరు అను ఈ వివేకము ఆనాడే మొలకెత్తినది కాని, తరువాతి వారు దానిని పలుమారులు మరచినారు.

పదునారవ శతాబ్దిలో ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే, యోధులకు కవచములు చేయు కమ్మరులచేత రంధ్రములు గల ఇనుప తొడుగులు చేయించి పిల్లల నడుములకు తొడిగించినాడు. 1741లో పారిస్ వైద్యుడు నికొలా ఆండ్రీ తన గ్రంథమునకు 'ఆర్థొపెడీ' అని పేరు పెట్టినాడు. సరియైన, శిశువు అను అర్థములు గల రెండు గ్రీకు మాటలను కలిపి ఆయన కల్పించిన పదము అది. ఆ గ్రంథములోని చిత్రమున వంకర తిరిగిన లేతచెట్టును గుంజకు త్రాటితో కట్టి ఉంచినారు. మొక్కై వంగనిది మానై వంగునా అను మన సామెతయు ఆ చిత్రమును ప్రక్కప్రక్కన పెట్టదగినవే. నేటికిని పెక్కు దేశములలో ఎముకల వైద్యుల సంఘములకు ఆ చెట్టే గుర్తు.

తరువాతి శతాబ్దిలో వైద్యులు కత్తి పట్టినారు. 1839 ప్రాంతమున పారిస్ నగరములో జూల్ గెరాఁ అను వైద్యుడు, వీపు కండరములు బిగిసి లాగుటచేతనే వెన్ను వంగుచున్నదని నమ్మి, ఆ కండరములను కోయ మొదలిడినాడు. ఎందరికో నయమైనదని చాటినాడు. మాల్గేన్ అను మరియొక శస్త్రవైద్యుడు ఆ రోగులను స్వయముగ పరీక్షించి, చెప్పబడిన ఫలితములు కానరాలేదని బహిరంగముగ ప్రకటించినాడు. గెరాఁ న్యాయస్థానమునకు ఎక్కినాడు. కాని న్యాయస్థానము మాల్గేన్‌ను తప్పుపట్టలేదు. శస్త్రము పట్టినవాడు చెప్పిన మాట కాదు, రోగి వీపు చెప్పిన మాట ప్రమాణము అను సూత్రము ఈ వివాదముతో బలపడినది. ఆ చికిత్స క్రమముగ అంతరించినది.

మత్తుమందు, క్రిమి నివారణ, 1895లో రంట్‌గెన్ కనుగొన్న ఎక్స్-కిరణములు, ఈ మూడును సమకూరిన పిమ్మట అసలైన శస్త్రచికిత్సకు దారి తెరచుకొన్నది. 1911లో న్యూయార్కు నగరమున రసెల్ హిబ్స్ అను వైద్యుడు క్షయ సోకిన వెన్నుపూసలను ఒకదానితో ఒకటి అతుకుకొనునట్లు చేయు పద్ధతిని ప్రకటించినాడు. పూసల పైపొరను చెక్కి, ఆ ఎముక ముక్కలనే వాటి నడుమ పరచినచో, విరిగిన ఎముక అతుకుకొనినట్లే పూసలన్నియు కలిసి ఒక్క ఎముక యగును. 1914లో ఆయన ఈ పద్ధతిని ప్రక్కకు వంగిన వెన్నుకు వర్తింపజేసినాడు. ఈనాటి శస్త్రచికిత్సకును మూలము ఇదియే. లోహము ఎంత గట్టిదైనను తాత్కాలికమైన ఊత మాత్రమే. శాశ్వతముగ నిలబెట్టునది అతుకుకొనిన ఎముక.

కాని అతుకు పడువరకు వంపును సరిచేసి పట్టి ఉంచుట ఎట్లు? మెడనుండి తుంటివరకు ప్లాస్టరు పట్టు వేసి, పిల్లలను మాసముల తరబడి మంచముననే ఉంచినారు. 1941లో అమెరికా ఎముకల వైద్యుల సంఘము నియమించిన ఉపసంఘము 425 మంది రోగుల వివరములను పరిశీలించి నివేదిక సమర్పించినది. నూటికి దాదాపు డెబ్బది మందిలో ఫలితము అంతంతమాత్రమో, హీనమో అని తేలినది. అతుకు వేసినవారిలో నాలుగవ వంతుకు పైగా అతుకు పడనేలేదు. తమ వృత్తిలోని వైఫల్యమును తామే లెక్కించి అచ్చువేయించిన ఆ వైద్యుల నిజాయితీని మెచ్చుకొనవలెను. ఏడేండ్ల తరువాత, 1948లో, న్యూయార్కు వైద్యుడు జాన్ కాబ్ వంపును కొలుచుటకు ఒక సులభ పద్ధతి నిర్దేశించినాడు. ఎక్స్-రే పటముపై వంపునకు పైకొసన, క్రిందికొసన ఎక్కువ వాలిన పూసల వెంట రెండు గీతలు గీచి, వాని నడిమి కోణమును కొలువవలెను. ఈ కొలత నేటికిని వాడుకలో ఉన్నది. కొలత ఏర్పడిన పిమ్మట ఒక ఊరి వైద్యుని ఫలితమును మరియొక ఊరి వైద్యుని ఫలితముతో పోల్చుటకు వీలైనది.

రెండవ ప్రపంచయుద్ధానంతరము టెక్సాసు రాష్ట్రములోని హ్యూస్టన్ నగరమున పోలియో ప్రబలినది. శిశుపక్షవాతముచే వెన్ను వంగిన పిల్లలు పాల్ హారింగ్టన్ అను వైద్యుని వద్దకు వచ్చినారు. వీరికి ఊపిరి తీయు కండరములే బలహీనములు. రొమ్మును బిగించు ప్లాస్టరును భరింపజాలరు. బయటినుండి పట్టలేని వెన్నును లోపలనుండి పట్టవలసి వచ్చినది. 1947లో ఆయన పూసల కీళ్ళకు మరలు బిగించి చూచినాడు, పట్టు నిలువలేదు. పిదప పైపూసకు ఒక కొక్కెము, క్రిందిపూసకు ఒక కొక్కెము తగిలించి, నడుమ ఉక్కు కడ్డీ నిలిపి, మోటారుబండిని లేపు జాకీ వలె మెట్టు మెట్టుగ సాగదీసినాడు. కడ్డీ ఒక్కటియే చాలదనియు, ఎముక అతుకు పడకున్నచో ఉక్కు ఎప్పటికైనను విరుగుననియు అనుభవము నేర్పినది. కడ్డీని, హిబ్స్ అతుకును జతపరచి 1962లో తన ఫలితములను ప్రకటించినాడు. తరువాత రెండు దశాబ్దుల పాటు ప్రపంచమంతట ఇదియే పద్ధతి. 1966లో ఈ వ్యాధిని పరిశోధించు వైద్యుల సంఘము అమెరికాలో ఏర్పడినది.

కృష్ణుడు చేసిన లాగుడు మానవుని చేతికి చిక్కినది. దానితోపాటు భయమును వచ్చినది. వెన్నెముక నడిమి కాలువలో వెన్నుపాము ఉన్నది. మెదడునుండి కాళ్ళకు పోవు ఆజ్ఞలును, కాళ్ళనుండి మెదడుకు వచ్చు వార్తలును ఆ త్రోవననే నడచును. ఎముకను సాగదీసినపుడు అదియు సాగును. దానికి నెత్తురు తెచ్చు సన్నని నాళములును సాగును. మత్తులో నున్న పిల్ల నోరు లేనిది. కాళ్ళు చచ్చుబడిన సంగతి, గాయము కుట్టి, పట్టీ కట్టి, మెలకువ వచ్చిన తరువాత గాని తెలిసెడిది కాదు. అప్పటికి గంటలు గడచిపోవును. 1975లో ప్రకటితమైన లెక్కలో 7,885 మంది రోగులలో 87 మందికి నరముల సంబంధమైన కీడు కలిగినట్లు కనిపించినది. శాతముగ చూచిన స్వల్పము. కన్నవారికి తమ బిడ్డ శాతము కాదు గదా!

పరిష్కారము ఫ్రాన్సులోని లియాఁ నగరమునుండి వచ్చినది. వోజెల్, స్టన్యారా, జువాన్రూ అను వైద్యులు 1973లో ఒక పద్ధతిని ప్రకటించినారు. యంత్రము లేదు, ఖర్చు లేదు. కడ్డీ బిగించిన వెంటనే మత్తును తగ్గించి, పిల్లను అర్ధనిద్రలోనికి తెచ్చి, పేరు పెట్టి పిలుచుటయే. మొదట చేయి బిగించుమందురు. చేయి బిగించినచో మాట విన్నదన్నమాట. పిదప పాదములు కదల్చుమందురు. పాదములు కదలినచో అందరును ఊపిరి పీల్చుకొందురు. మత్తు మరల ఇత్తురు. చేయి కదిలి పాదము కదలకున్నచో కడ్డీని వెంటనే సడలింతురు. ఇట్లు చేయుదుమని ముందునాడే పిల్లకు నచ్చజెప్పి అభ్యాసము చేయింతురు. మేల్కొనిన సంగతి తరువాత చాలమందికి జ్ఞాపకమే ఉండదు. మాటలే వృత్తిగా గల మాకు ఈ ఘట్టము విశేషముగ తోచినది. కత్తి చేయలేని రక్షణను ఒక మాటయు, దానిని వినిన ఒక చెవియు చేసినవి.

అయినను ఇది ఒక్క క్షణపు పరీక్ష. పాదము కదలిన పది నిమిషములకు కీడు జరిగినచో తెలియదు. మాట గ్రహింపలేని పిల్లలకు ఇది పనికిరాదు. అందుచేత ఎడతెగక వినుటకు విద్యుత్తును ఆశ్రయించినారు. 1970ల దశకములో జపానులోను, అమెరికాలోను ఈ పరిశోధన సాగినది. చీలమండ వద్ద నరమును స్వల్ప విద్యుత్తుతో తట్టి, ఆ వార్త వెన్నుపాము గుండ మెదడును చేరుచున్నదా లేదా అని తలపై అమర్చిన తీగలచే గ్రహింతురు. ఆ సంకేతము వోల్టులో పది లక్షవ వంతు ప్రమాణము గలది. మెదడులోని సహజమైన విద్యుత్ కోలాహలములో మునిగియుండును. రాత్రివేళ గరగరల నడుమ దూరపు కేంద్రమును పట్టుటకు యత్నించిన శ్రోతలకు ఈ కష్టము తెలియును. వందలమార్లు తట్టి, వచ్చిన జవాబులను గణనయంత్రము కూడి సగటు తీయగా, గరగర అణగి సంకేతము పైకి తేలును. 1995లో ప్రకటించిన ఒక పరిశీలనలో 51,263 శస్త్రచికిత్సల వివరములు సేకరించినారు. ఈ వినికిడిలో అనుభవము గల బృందములు పనిచేసిన చోట, అనుభవము లేని చోటికంటె నరముల కీడు సగమునకు తగ్గినదని తేలినది. యంత్రమొక్కటియే కాదు, దానిని వినువాని నేర్పును ముఖ్యమే.

ఇందులోను ఒక లోపము కనిపించినది. ఇది కాళ్ళనుండి మెదడుకు పోవు త్రోవను మాత్రమే వినును. మెదడునుండి కాళ్ళకు వచ్చు ఆజ్ఞల త్రోవ వెన్నుపాములో వేరొక భాగమున ఉన్నది. సంకేతము చక్కగా వచ్చుచుండగనే కాళ్ళు పడిపోయిన సందర్భములు కొన్ని కలవు. 1980లో ఇంగ్లండులో మెర్టన్, మార్టన్ అనువారు తలపైనుండి విద్యుత్తు ప్రసరింపజేసి మనిషి కండరములను కదలింపవచ్చునని చూపినారు. ఈ ఆధారముతో ఆజ్ఞల త్రోవను కూడ శస్త్రచికిత్స కాలములోనే పరీక్షించు విధానము తరువాతి దశాబ్దములలో రూపొందినది. దీనికొరకు మత్తుమందు వైద్యుడు తన పద్ధతిని మార్చుకొనవలసి వచ్చినది. పీల్చు మత్తులు ఆ సంకేతమును అణచును గనుక, సిరగుండ ఇచ్చు మందులపై ఆధారపడినారు. కండరములను సడలించు మందులను ఆ సమయములో మానినారు. ఒక పిల్ల భద్రతకొరకు ముగ్గురు నలుగురు నిపుణులు ఒకరి పని నొకరు ఎరిగి నడచుకొనవలెనని తేలినది.

సంకేతము తగ్గినపుడు ఏమి చేయవలెను? ఆ తొట్రుపాటులో అనుభవజ్ఞుడును ఒకటి మరచునవకాశము కలదు. 2014లో అమెరికా వైద్యులు కొందరు కలసి ఇందుకొక పట్టిక సిద్ధపరచినారు. ముందు పని ఆపి, గదిలో సద్దు అణచవలెను. రక్తపు పోటు పెంచవలెను. నెత్తురు చాలునో లేదో, శరీరపు వేడిమి తగ్గినదేమో చూడవలెను. తీగలు ఊడినవేమో వెదకవలెను. చివర చేసిన సవరణను విప్పివేయవలెను. గోడకు అంటించిన కాగితము నిపుణుని గౌరవమును తగ్గించదు. ఆపదలో ఆతని జ్ఞాపకమునకు ఊతమిచ్చును.

ఇక పని సులువగుటను గూర్చి రెండు మాటలు. హారింగ్టన్ కడ్డీ రెండు కొసలనే పట్టెడిది. మాసముల తరబడి ప్లాస్టరు తప్పలేదు. మెక్సికో నగరమున ఎడువార్డో లూకే ప్రతిపూసకును తీగ చుట్టి కడ్డీకి బిగించి ప్లాస్టరును తప్పించినాడు. కాని ఆ తీగలు వెన్నుపాము ప్రక్కగనే పోవుటచేత భయము మిగిలినది. ఫ్రాన్సులో కొట్రెల్, డ్యూబుసే అనువారు 1983 నుండి రెండు కడ్డీలను, పలు కొక్కెములను వాడి, వంపునే గాక మెలికను కూడ తిప్పుటకు పూనుకొన్నారు. కొరియాలో సుక్ సే-ఇల్ 1995లో వెన్నుపూసల కాడలలోనికి మరలు దించు పద్ధతి ఫలితములను ప్రకటించినాడు. ప్లాస్టరు పోయినది, మంచము పోయినది. పని నిడివి తగ్గిన కొలది నెత్తురు పోవుటయు, చీము పట్టు భయమును తగ్గును. జపాను శాస్త్రజ్ఞులైన ఒకామోతో దంపతులు 1962లో వెలువరించిన ట్రానెక్సామిక్ ఆమ్లము నెత్తురు కారుటను తగ్గించుటకు ఇక్కడ ఉపకరించుచున్నది. పోయిన నెత్తురును శుద్ధిచేసి ఆ పిల్లకే ఎక్కించు యంత్రములు వచ్చినవి. కొన్ని ఆసుపత్రులలో మరునాడే నడిపించి, మూడు నాలుగు దినములలో ఇంటికి పంపుచున్నారు. వేగమును తొందరను ఒకటిగ తలపరాదు. గడియారము చూచి చేసిన పని తొందర. అనవసరమైనది విడిచి, అలవాటుపడిన బృందముతో చేసిన పని వేగము. మొదటిది కీడు, రెండవది రక్ష.

ఈ శ్రమకు ఫలితమేమి? 2007లో ప్రకటించిన ఒక లెక్కలో 1,301 మంది పిల్లలలో తొమ్మండుగురికి నరముల సంబంధమైన కీడు కనిపించినది. అంకెను మాత్రము చూచినచో 1975 నాటికంటె ఎంతో తగ్గినట్లు తోచదు. కాని ఈ తొమ్మిదిలో చిన్న చిన్న దెబ్బలును చేరినవి. వెన్నుపాముకు దెబ్బ తగిలినవారు కొద్దిమందే. వంపును పూర్వముకంటె ఎంతో ఎక్కువగ సరిచేయుచు కూడ ఈ స్థితిని సాధించినారు. భయము తొలగలేదు, కాని భయమును సకాలములో కనిపెట్టు నేర్పు అలవడినది.

అన్నిటికంటె క్షేమమైన శస్త్రచికిత్స, అవసరము లేకుండ చేసికొనిన శస్త్రచికిత్స. ఎదుగుచున్న పిల్లలకు నడుము తొడుగు నిజముగ ఉపకరించునా అను వివాదము చాలకాలము సాగినది. అమెరికా, కెనడా దేశములలో జరిపిన పరిశీలన 2013లో దానికి జవాబు చెప్పినది. తొడుగు ధరించినవారిలో నూటికి 72 మందికి వంపు శస్త్రచికిత్స స్థాయిని చేరలేదు; ధరింపనివారిలో 48 మందికి మాత్రమే ఆ మేలు కలిగినది. రోజులో ఎక్కువ గంటలు ధరించినవారికి ఎక్కువ మేలు. కాని ఎదుగుదల ముగిసిన పిమ్మట తొడుగు పనిచేయదు. కనుక వేళకు చూచుటయే ప్రధానము.

చూచుటకు యంత్రము అక్కరలేదు. లండను వైద్యుడు విలియం ఆడమ్స్ 1865లో వివరించిన పరీక్ష ప్రతి ఇంటను చేయదగినది. పిల్లను పాదములు చేర్చి, మోకాళ్ళు వంచకుండ, చేతులు వ్రేలాడవేసి ముందుకు వంగుమని, వెనుకనుండి వీపును చూడవలెను. ఒక ప్రక్క ప్రక్కటెముకలు గాని నడుము గాని ఎత్తుగ కనిపించినచో వైద్యుని సంప్రదింపవలెను. ఒక భుజము ఎత్తుగ నుండుట, జాకెట్టు ఒక వైపు జారుచుండుట, నడుము వంపులు సమముగ లేకుండుట తల్లులు ముందుగ గమనించు గుర్తులు. పెండ్లి కావలసిన పిల్ల, నలుగురికి తెలిసినచో ఏమగునో అని దాచిపెట్టు ఇండ్లు మనలో లేకపోలేదు. దాచిన వంపు పెరుగక మానదు. దాచిన దినములే తొడుగు పనిచేయగల దినములు. పన్నెండేండ్ల పిల్ల వీపును ఆరుమాసములకొకమారు వెలుతురులో చూచుటకు రెండు నిమిషములు చాలును.